చిన్న పీసీ కట్టబోతున్న అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన పార్టుల లిస్టు రాత్రి ఒకసారి, పొద్దున కాఫీ తాగుతూ ఇంకోసారి చూశాను. పది లీటర్ల క్యాబినెట్, మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డు, రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు. మంచి ఎంపికే. నువ్వేమో "ఎన్ని ఫ్యాన్లు పెట్టాలి మామయ్యా" అని అడిగావు. అంతకంటే ముందు ఆ డబ్బాలోకి ఎన్ని వాట్లు పంపిస్తున్నావో లెక్క కట్టు. గోడ ప్లగ్గులోంచి లాగిన ప్రతి వాటూ చివరికి వేడై బయటికి రావాల్సిందే. కరెంటు లెక్కా వేడి లెక్కా వేరు కాదు.

4070 కార్డు 200 వాట్లు. 7600 పెట్టె మీద 65 అని ఉన్నా, గట్టిగా పని పడితే 88 దాకా తీసుకుంటుంది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకి ఓ 50 వేసుకో. అంతా కలిపి 340 దగ్గర తేలుతుంది. పవర్ సప్లైలోనే ఆవిరయ్యేది కూడా కలిపితే గోడ దగ్గర 370 పైమాటే. చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్ద పెట్టెలో పాతకాలపు 100 వాట్ల బల్బులు నాలుగు వెలిగించి మూత పెట్టినట్టు.

అందుకే ముందు వాట్లు తగ్గించు, ఫ్యాన్ల సంగతి తర్వాత. నా 4070ని పవర్ లిమిట్‌లో, అంటే కార్డు లాగే వాట్లకి హద్దు పెట్టే సెట్టింగ్‌లో, 75 శాతానికి దించాను. 150 వాట్లే తీసుకుంటోంది, ఆటలో తేడా నా కంటికి ఆనలేదు. ప్రాసెసర్‌కి బయోస్‌లో, అంటే పీసీ ఆన్ చేయగానే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, తక్కువ వాట్లతో నడిపే ఎకో మోడ్ పెట్టు. ఈ రెండూ పైసా ఖర్చు లేని పనులు, ఏ ఖరీదైన కూలరూ ఇంత మేలు చేయదు.

ఇంకోటి. యూట్యూబ్‌లో చూపించే టెంపరేచర్లు చాలావరకు ఏసీ గదిలోవి. గది 25 డిగ్రీలున్నప్పుడు చిప్పు 70 చూపించిందంటే గది కంటే 45 ఎక్కువన్నమాట. మే నెల మధ్యాహ్నం మన గది 38 అయితే అదే చిప్పు 83కి పోతుంది. ఏ ఫ్యానూ గది గాలి కంటే చల్లటి గాలిని తేలేదు. నీ రూమ్‌లో ఏసీ లేదు కాబట్టి ఆ 38 దగ్గరే లెక్క వేసుకో.

గాలి దారి గురించి ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకో. ఈ చిన్న కేసుల్లో ప్రాసెసర్ కూలర్ ఎత్తు 47 మిల్లీమీటర్లో ఎంతో ఉంటుంది, దాని ఫ్యానుకీ పక్క జాలీకీ మధ్య వేలెడంత ఖాళీ మిగులుతుంది. ఆ సందులోంచి కూలర్ తను వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. నేను ప్యాకింగ్‌లో వచ్చిన ఫోమ్‌ని చట్రంలా కోసి ఫ్యాను చుట్టూ అంటించాను, జాలీకి సరిగ్గా ఆనేలా. బయటి గాలి తప్ప ఇంకేదీ లోపలికి రాకుండా అయింది. నాలుగైదు డిగ్రీలు దిగింది. పైన ఒక ఫ్యాను గాలిని బయటికి తోసేలా బిగిస్తే చాలు.

పవర్ సప్లై ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న సైజుదే తీసుకో, 125 మిల్లీమీటర్ల వెడల్పు, 100 పొడవు. 650 వాట్లది, ఏటీఎక్స్ 3.0 లేదా ఆ తర్వాతి ప్రమాణానిది అయితే నిశ్చింత. గ్రాఫిక్స్ కార్డు కన్నుమూసి తెరిచేలోపు తన లెక్కకి మించి ఒక్కసారిగా లాగుతుంది, ఆ కుదుపుని ఇవి తట్టుకుంటాయి. బిగించేటప్పుడు దాని ఫ్యాను జాలీ వైపు ఉండాలి, కార్డు వైపు తిప్పావంటే ఆ వేడంతా అదే మింగుతుంది.

కార్డుకి వెళ్లే ఆ సన్న పిన్నుల ప్లగ్గు దగ్గర మాత్రం తొందరపడకు. నా పాత కార్డుది ఒకసారి ఊడదీసి చూస్తే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి ఉంది. పక్క తలుపు మూయడానికి వైరుని మొదట్లోనే వంచేశాను, ప్లగ్గు వెంట్రుకవాసి బయటికి వచ్చింది. ఆ రోజు నా గుండె ఝల్లుమంది. ప్లగ్గు దగ్గర నుంచి మూడున్నర సెంటీమీటర్లు వైరు తిన్నగా పోనిచ్చి అప్పుడు వంచు. కేసు కొనే ముందు కార్డు వెడల్పుకి ఈ ఖాళీ కూడా కలిపి టేపుతో కొలువు.

ఇక కరెంటు పోవడం. కిందటి వేసవిలో మా పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (గోడ కరెంటులా సాఫీగా కాక మెట్లుమెట్లుగా ఇచ్చే రకం) మీద ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, పీసీ మాత్రం టప్పున ఆగిపోయేది. సప్లై పాడైందని వారం రోజులు టెన్షన్ పడ్డాను. దానిలో లోపమేమీ లేదు. ఇప్పటి సప్లైల్లో చాలావాటికి స్క్వేర్ వేవ్ సరిపడదు. పైగా కరెంటు తెగితే అవి తట్టుకునేది సెకనులో సుమారు అరవయ్యో వంతు మాత్రమే. గోడ కరెంటులా సాఫీగా ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే, దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టు, బ్యాటరీకి త్వరగా మారుతుంది. లేకపోతే పీసీకి విడిగా ఒక యూపీఎస్ తీసుకో.

హాస్టల్ గదిలో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. లేకపోతే ఆ ఇనప క్యాబినెట్ ముట్టుకున్నప్పుడల్లా వేలికి చురుక్కుమంటుంది. అది సరిచేసేదాకా ఆ ప్లగ్గులో పెట్టకు.

క్యాబినెట్ ఆర్డర్ పెట్టే ముందు దాని లోపలి కొలతలు నాకు పంపు, కార్డు కొలతలతో కలిపి చూస్తాను. సన్న స్క్రూడ్రైవర్లు కొనకు, నా సెట్ అమ్మతో పంపిస్తున్నాను.

మీ మామయ్య