హాకోన్ 7: నార్వేవాళ్లకు సొంత మనిషైన డెన్మార్క్ రాకుమారుడు

డెన్మార్క్ నుంచి తెచ్చుకున్న రాజును నార్వేవాళ్లు ఇప్పటికీ అంత ప్రేమగా ఎందుకు తలుచుకుంటారని అడిగారు. ఓస్లోలో నాలుగేళ్లు ఉన్నాను. నాకు సగం జవాబు మా ఇంటి ఓనరు పెద్దావిడ చూపించిన ఒక పాత నాణెంలో దొరికింది.

నాణెం మీద హెచ్ అక్షరం, దాని మధ్యలో 7 అంకె. అది ఆ రాజు, హాకోన్ 7 గుర్తు. వెనక పిన్ను అతికించి ఉంది. వేళ్లు తగిలీ తగిలీ అంచులు నున్నగా అయిపోయాయి. జర్మన్ల ఆక్రమణ రోజుల్లో వాళ్లమ్మ దాన్ని కోటు కాలరు లోపలివైపు పెట్టుకునేదట. బయటికి కనిపిస్తే శిక్ష తప్పేది కాదు.

ఆ రాజు అసలు పేరు కార్ల్. 1872లో పుట్టాడు, డెన్మార్క్ నౌకాదళంలో పనిచేశాడు. 1905లో స్వీడన్ నుంచి విడిపోయిన నార్వే, మాకు రాజుగా రమ్మని అడిగింది. ఇంకొకరైతే వెంటనే బయల్దేరేవారు. ఈయన మాత్రం ముందు జనాన్ని అడగండి అన్నాడు, ఎందుకంటే అక్కడ అసలు రాజే వద్దనేవాళ్లూ ఉన్నారు. ఓటింగ్ పెడితే 2,59,563 మంది సరే అన్నారు, 69,264 మంది వద్దన్నారు. (అప్పటికి ఆడవాళ్లకు ఓటు లేదు.) అప్పుడు ఒప్పుకుని, హాకోన్ అని పాత నార్వే రాజుల పేరు పెట్టుకున్నాడు. రెండేళ్ల కొడుకు అలెగ్జాండర్ పేరు కూడా ఓలావ్‌గా మారింది.

అసలు పరీక్ష 1940లో వచ్చింది. ఏప్రిల్ 9న జర్మన్లు దాడి చేశారు. మర్నాడు ఎల్వెరుమ్‌లోని ఒక స్కూల్లో జర్మన్ రాయబారి ఆయన్ను కలిసి, హిట్లర్ పక్షాన ఉన్న నార్వే నాయకుడు క్విస్లింగ్‌ను ప్రధానిని చేయమని పట్టుబట్టాడు. ఆ సాయంత్రం న్యూబెర్గ్‌సుండ్‌లో రాజు మంత్రులతో ఒకటే చెప్పాడు: జనానికీ పార్లమెంటుకూ నమ్మకం లేని మనిషిని నేను నియమించలేను, మీరు ఒప్పుకోవాలనుకుంటే నేను గద్దె దిగిపోతాను. నిర్ణయం వాళ్లకే వదిలాడు. వాళ్లూ ఆయన వెంటే నిలబడ్డారు. ఏప్రిల్ 11న ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి.

నేనొకసారి ఏప్రిల్‌లోనే అక్కడికి వెళ్లాను. రోడ్డు దిగి అడవిలోకి నాలుగడుగులు వేశానో లేదో, మోకాలిదాకా మంచులో దిగబడిపోయాను. చెప్పులరిగేలా తిరిగిన అలవాటున్నా, అక్కడ నడక నా వల్ల కాలేదు. విమానాలు పైన తిరుగుతుంటే 67 ఏళ్ల ఆ మనిషి అలాంటి మంచులోనే చెట్ల మధ్య తలదాచుకున్నాడు. కొడుకూ పక్కనే ఉన్నాడు. అది తలుచుకుంటే నాకు గొంతు పట్టేసింది.

జూన్ 7న ఉత్తర నార్వేలోని ట్రోమ్సో నుంచి ఓడలో బ్రిటన్ వెళ్లిపోయాడు. అక్కడి నుంచి రేడియోలో మాట్లాడేవాడు, జనం దొంగచాటుగా వినేవారు. సరిగ్గా ఐదేళ్లకు, 1945 జూన్ 7న, ఓస్లోలో దిగాడు. ఆ రోజు రేవు దగ్గర జనంలో మా ఓనరు వాళ్లమ్మ కూడా ఉందట, ఆ పిన్నును కోటు పైవైపు పెట్టుకుని.