యంత్రమే అన్నీ చేసేస్తే మా అమ్మాయికి పనేముంటుంది?

ప్రశ్న: మాది ఒంగోలు. మా అమ్మాయి ఈ ఏడాదే ఎమ్మెస్సీ ఎనలిటికల్ కెమిస్ట్రీ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీ క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో) ట్రైనీగా రమ్మంటున్నారు. విశాఖలో నీళ్లు, మట్టి పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబ్‌ నుంచి కూడా పిలుపు వచ్చింది, జీతం కాస్త తక్కువ. అక్కడ ఆటో ఎనలైజర్ మీద పని. అమ్మాయికి అదే నచ్చింది. శాంపిల్ పెట్టి బటన్ నొక్కితే యంత్రమే అంతా చేసుకుంటుందట. అలాంటి చోట ఏం నేర్చుకుంటుంది, రేపు ఆ పని కూడా పోతే ఎలా అని నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. కానీ దాన్ని బటన్ నొక్కే పని అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. ఆ యంత్రం ఏం చేస్తుందో, ఏం చేయలేదో ముందు చెబుతాను, ఏ ఉద్యోగం అన్నది తర్వాత చూద్దాం.

మీ అమ్మాయి కాలేజీలో నైట్రేట్ పరీక్ష చేసి ఉంటే, పిపెట్‌తో నీళ్లు తీసుకుని, రీజెంట్లు, అంటే రంగు తెప్పించే రసాయనాలు ఒక్కొక్కటీ కలిపి, రంగు వచ్చేదాకా ఆగి, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో కలరీమీటర్‌లో చూసి ఉంటుంది. ఆటో ఎనలైజర్‌లో అదంతా సన్నటి గొట్టాల్లో, పారుతూనే జరిగిపోతుంది. ఒక పంపు రీజెంట్లను ఆగకుండా తోస్తూ ఉంటుంది, శాంపిల్ వాటితో కలుస్తుంది, చుట్టలా ఉన్న గొట్టంలో ప్రయాణిస్తూ రంగు తెచ్చుకుంటుంది, చివర్లో డిటెక్టర్ ముందు నుంచి వెళ్తుంది, స్క్రీన్ మీద ఒక పీక్, అంటే శిఖరంలా లేచే గీత వస్తుంది. దాని వెనకే ఇంకో శాంపిల్. ఇది నిన్నమొన్నటి సంగతి కూడా కాదండీ. అమెరికాలో లియోనార్డ్ స్కెగ్స్ అనే ఆయన రక్త పరీక్షల కోసం తయారు చేసిన ఆటో ఎనలైజర్ 1957లోనే మార్కెట్లోకి వచ్చింది, ఒక శాంపిల్ ఇంకోదానితో కలిసిపోకుండా మధ్యమధ్యలో గాలి బుడగలు పంపడం ఆయన పద్ధతి. 1975లో డెన్మార్క్‌లో రుజిచ్కా, హాన్సెన్ ఆ బుడగలు కూడా అక్కర్లేదని చూపించారు. రియాక్షన్ పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని కూడా లేదన్నారు, ప్రతి శాంపిల్ డిటెక్టర్ దగ్గరికి చేరడానికి కచ్చితంగా ఒకే సమయం పడితే చాలు. దాన్నే ఫ్లో ఇంజెక్షన్ ఎనాలిసిస్ అంటారు. మీ అమ్మాయి సిలబస్‌లో బహుశా ఒకటి రెండు పేజీలు ఉండి ఉంటుంది.

అంటే కలపడం, రీడింగ్ తీయడం యంత్రం చేతిలోకి వెళ్లి దాదాపు 70 ఏళ్లవుతోంది. అయినా ల్యాబ్‌లకు కెమిస్టులు కావాలి. ఎందుకంటే యంత్రానికి పీక్ గీయడం తెలుసు, ఆ పీక్ నిజమో కాదో తెలియదు.

నైట్రేట్ సంగతే చూడండి. నైట్రేట్ నేరుగా రంగు ఇవ్వదు, దాన్ని ముందు నైట్రైట్‌గా మార్చాలి. దానికి చాలా యంత్రాల్లో రాగి పూత పట్టించిన కాడ్మియం నింపిన గొట్టం, అంటే కాడ్మియం కాలమ్ వాడతారు. తర్వాత రెండు రీజెంట్లు కలిస్తే గులాబీ రంగు వస్తుంది, దాన్ని 540 నానోమీటర్ల కాంతి దగ్గర చదువుతారు. ఆ కాలమ్ వాడేకొద్దీ బలహీనపడుతుంది. నైట్రేట్ అంతా మారకుండానే బయటికి వచ్చేస్తుంటుంది, పీక్ మాత్రం చక్కగా, నున్నగానే కనిపిస్తుంది! రోజు మధ్యలో అలా మొదలైతే పొద్దున చేసిన కాలిబ్రేషన్ (తెలిసిన గాఢతలతో యంత్రాన్ని సరిచూసుకోవడం) కాపాడదు, నైట్రేట్ ఎక్కువున్న బోరు నీళ్లు కూడా మంచివని రిపోర్టు వెళ్లిపోతుంది. దీన్ని పట్టుకోవాలంటే ఒకే గాఢత ఉన్న నైట్రేట్ స్టాండర్డ్, నైట్రైట్ స్టాండర్డ్ (గాఢత ముందే తెలిసిన ద్రావణాలు) రెండూ నడిపి పీక్‌ల ఎత్తులు పోల్చాలి, తేడా పెరుగుతుంటే కాలమ్ సంగతి చూడాలి. ఫాస్ఫేట్ చేసేటప్పుడు గాజుసామాను ఫాస్ఫేట్ ఉన్న సబ్బుతో కడిగారా అని అడగాలి. సిలికేట్‌కైతే గాజు సీసాల్లో శాంపిల్ తెస్తే గాజులోంచే సిలికా దిగుతుంది కాబట్టి ప్లాస్టిక్ సీసాలు కావాలి. సముద్రపు నీళ్లయితే ఉప్పు వల్లే రీడింగ్ మారుతుంది, అందుకే స్టాండర్డ్లు కూడా ఉప్పునీళ్లలోనే చేసుకోవాలి. పంపు ట్యూబులు నలిగిపోతే ఫ్లో మారిపోతుంది. ఇవన్నీ చేయితోనూ బుర్రతోనూ నేర్చుకునేవి, బటన్ కింద ఉండేవి కావు.

ఇంకొకటి, ఇది అమ్మాయికి తప్పకుండా చూపించండి. స్క్రీన్ మీద నైట్రేట్ లీటరుకు 12 మిల్లీగ్రాములు అని వచ్చిందనుకోండి. తాగునీటికి మన దేశపు ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం పరిమితి 45, కాబట్టి పాస్ అనిపిస్తుంది. కానీ చాలా యంత్రాలను నైట్రోజన్ లెక్కలో, అంటే నైట్రేట్‌లో ఉన్న నైట్రోజన్ బరువు మాత్రమే చూపించేలా సెట్ చేస్తారు. అలాంటప్పుడు మొత్తం నైట్రేట్ తెలియాలంటే దాన్ని 4.43తో గుణించాలి, 53 దాటుతుంది, ఆ నీళ్లు ఫెయిల్. పసిపిల్లలున్న ఇంటి బోరు నీళ్ల గురించి మాట్లాడుతున్నామండీ, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క లెక్క తడుముకోకుండా చెప్పగలిగిన అమ్మాయిని ఏ ల్యాబ్ మేనేజరూ అంత తేలిగ్గా వదులుకోడు.

ఇక ఫార్మా సంగతి. అది తక్కువదని నేననను. హైదరాబాద్ చుట్టుపక్కల ఓపెనింగ్స్ ఎక్కువ, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను వేరు చేసి కొలిచే యంత్రం) అనుభవం ఎక్కడైనా చెల్లుతుంది, రికార్డులు పద్ధతిగా రాయడం అక్కడ బాగా అలవాటవుతుంది. ఇంట్లో డబ్బు అవసరం గట్టిగా ఉంటే అటే వెళ్లమనండి, అందులో తప్పేం లేదు. అలాంటి ఒత్తిడి లేకపోతే మాత్రం అమ్మాయికి నచ్చిన దానివైపే నా ఓటు. కొత్తగా చేరిన ట్రైనీకి ఫార్మాలో చాలాసార్లు ఒకే ప్రొడక్టు, ఒకే మెథడ్ నెలల తరబడి చేతిలో పెడతారు. నీళ్లు, మట్టి ల్యాబ్‌లో రకరకాల శాంపిల్స్ వస్తాయి, రకరకాల చిక్కులు వస్తాయి, మొదటి రెండేళ్లలో కెమిస్ట్రీ ఒంటబట్టేది అలాంటి చోటే.

దారులు కూడా మూసుకుపోవు. విశాఖలోనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, సముద్రపు నీళ్లలో పోషకాలు కొలిచే చోట ఈ అనుభవానికి విలువ ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి ఎనలిస్ట్ పోస్టులకు ఏపీపీఎస్సీ నోటిఫికేషన్లు వస్తుంటాయి, కన్నేసి ఉంచండి. మీది ఒంగోలు కాబట్టి పొగాకు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆకులో క్లోరైడ్ ఎక్కువైతే సరిగ్గా కాలదని అక్కడి రైతులకు తెలుసు. ఆకులో నికోటిన్, చక్కెరలు కొలవడానికి అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉన్నది కూడా గొట్టాల్లో పారుతూనే కొలిచే ఈ కంటిన్యువస్ ఫ్లో పద్ధతే. పరిశోధన వైపు మనసుంటే ఉద్యోగం చేస్తూనే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష రాయమనండి, జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, అప్పుడు జీతం తక్కువన్న బాధా ఉండదు.

అయితే ఒప్పుకునే ముందు ఆ ల్యాబ్‌కి ఒకసారి వెళ్లి చూసి రావాలి, మీరూ తోడు వెళ్లండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యతకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా, ఉంటే ఏయే పరీక్షలకు ఉంది అని అడగండి, అన్నిటికీ ఉండకపోవచ్చు. కాలిబ్రేషన్, ట్యూబులు మార్చడం, కాలమ్ సిద్ధం చేయడం కొత్తవాళ్లకు నేర్పుతారా, లేక అన్నిటికీ సర్వీస్ ఇంజనీర్ రావాల్సిందేనా? ఐయాన్ క్రొమటోగ్రఫీ, ఐసీపీ లాంటి వేరే పరీక్ష యంత్రాలు ఉంటే వాటి మీద కూడా మార్చిమార్చి కూర్చోబెడతారా? కాడ్మియం విషం కాబట్టి ఆ వ్యర్థాలు ఏం చేస్తున్నారో తప్పకుండా అడగండి, సింకులో పోస్తున్నామంటే మాత్రం జీతం ఎంతైనా సరే ఆ ల్యాబ్ వద్దు. రెండేళ్లూ శాంపిల్ ట్రేలు నింపడమే పని అని తేలితే కూడా వద్దు, అప్పుడు ఫార్మాకే వెళ్లమనండి. మిగతా జవాబులు బాగుంటే జీతంలో ఆ కొంచెం తేడా చూసి వెనక్కి లాగకండి.