మైక్రోబబుల్స్ చికిత్స వచ్చేదాకా రేడియేషన్ ఆపొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. బుగ్గ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయి ఐదు వారాలు దాటింది. 30 సిట్టింగ్‌ల రేడియేషన్, వారానికోసారి కీమో రాశారు. అల్ట్రాసౌండ్, మైక్రోబబుల్స్ కలిపితే రేడియేషన్ బాగా పనిచేస్తుందని చదివాను. అది మన దగ్గరికి వచ్చేదాకా ఆగొచ్చా? ఖర్చెంత? ఈలోగా ఊళ్లో ఒకాయన ఇచ్చిన పసరు మందు వాడుతున్నాం.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆగొద్దు. ఆపరేషన్ తర్వాత ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలుకావాలని చూస్తాం. మీకు మిగిలినవి కొద్ది రోజులే. ఇది చదివేసరికి అవీ దాటిపోతే, ఎలాగూ ఆలస్యమైంది కదా అని మానేయకండి. వెంటనే వెళ్లండి.

మీరు చదివింది అబద్ధమేమీ కాదు. గుండె స్కాన్‌లో స్పష్టత కోసం ఏళ్లుగా వాడుతున్నలాంటి గ్యాస్ బుడగలనే (అవే మైక్రోబబుల్స్) రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఒక్కోటి ఎర్ర రక్తకణం కన్నా చిన్నది. కణితి మీద అల్ట్రాసౌండ్ పెడితే అవి ఉబ్బుతూ ముడుచుకుంటూ అక్కడి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఆపై రేడియేషన్ ఇస్తే ఆ నాళాలు పాడై కణితికి రక్తం సరిగా అందదు. కెనడాలో, టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రిలో డాక్టర్ గ్రెగరీ జార్నోటా బృందం రొమ్ము, తల-మెడ క్యాన్సర్లలో తొలి దశ ట్రయల్స్ చేసింది. ఆ దశలో ముఖ్యంగా చూసేది చికిత్స సురక్షితమా కాదా అని. మామూలు రేడియేషన్ కన్నా మేలని తేలాలంటే పెద్ద ట్రయల్స్ జరగాలి. కాబట్టి ఖర్చు మాట ఇప్పుడు వద్దు. ఇన్ని లక్షలిస్తే చేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

పైగా ఆ పద్ధతికి గురిపెట్టడానికి ఒక గడ్డ ఉండాలి. మీ నాన్నగారి గడ్డ తీసేశారు. ఇప్పుడిచ్చే రేడియేషన్ స్కాన్‌కి కూడా దొరకని కణాలు మిగిలి ఉంటే వాటి కోసం.

రేడియేషన్‌కి బలమిచ్చే మందు మీ చీటీలోనే ఉంది. ఆ వారం వారం కీమో అందుకే. చాలావరకు సిస్‌ప్లాటిన్ అయి ఉంటుంది. దానితో కిడ్నీల మీద భారం పడుతుంది. అందుకే పసరు మాట చదవగానే నాకు టెన్షన్ వచ్చింది. అందులో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఈరోజే ఆపండి. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకోవడం కూడా వద్దు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష మీ డాక్టరు చూస్తారు.

ఇంకొకటి, నేను ఓపీలో రోజూ మొత్తుకునేది. రేడియేషన్ మొదలైన మూడో వారానికి నోరు పూస్తుంది, మింగుడు పడదు. చాలామంది అక్కడే మానేసి ఇంటికెళ్లిపోతారు. కాస్త తగ్గాక వస్తామంటారు. ఆ విరామంలో మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరుగుతాయి. తల-మెడ క్యాన్సర్లలో చికిత్స అనుకున్న గడువు దాటి సాగిన ఒక్కో రోజుకీ జబ్బు అదుపులో ఉండే అవకాశం సుమారు 1 శాతం తగ్గుతుందని అంచనా. నొప్పికి మందులున్నాయి, అవసరమైతే ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తారు. సిట్టింగ్ మాత్రం తప్పకూడదు. పొగ, గుట్కా అలవాటుంటే పూర్తిగా మానాలి.

పుచ్చిన పళ్లుంటే రేడియేషన్‌కి ముందే తీయించాలి, ఆ గాయం మానడానికీ రోజులు పడతాయి. రేపే డెంటిస్టుకి చూపించండి.

రిపోర్టులు చూడకుండా ఇంతకన్నా చెప్పలేను. తుది నిర్ణయం మీ రేడియేషన్ డాక్టరుదే. డబ్బు వల్ల వెనకాడుతుంటే ఆరోగ్యశ్రీ గురించి అడగండి, హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎం.ఎన్.జె.లోనూ రేడియేషన్ ఉంది. వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టుతో పాటు ఆ పసరు సీసా కూడా పట్టుకెళ్లి డాక్టరుకి చూపించండి, దాచొద్దు.