షిచిమి పుట్టిన వీధి

తమ్ముడూ,

జపాన్ వాళ్ల ఏడు దినుసుల పొడి షిచిమి తొగరాషి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. చేయి తిరుగుతోంది, సంతోషం. కానీ మొదటి పేరా దాటడం కష్టమైంది. “1625లో ఎడోలో తొకుఎమోన్ అనే మేధావి ఏడు దినుసుల పొడిని కనిపెట్టాడు” అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆయన దుకాణం ఏ వీధిలో పెట్టాడో ఆరా తీశావా?

ఎడో అంటే ఇప్పటి టోక్యో. ఆయన దుకాణం పెట్టింది అందులో ర్యోగోకు దగ్గరి యాగెన్‌బోరిలో. అది వైద్యులూ మందుల వర్తకులూ ఉండే పేట. వాళ్లు మందులు నూరే పరికరం పేరు యాగెన్. సన్నగా, లోతుగా పడవలా ఉండే తొట్టి, దానిలో ఇరుసు గుచ్చిన చక్రం. ఇరుసు రెండు కొసలూ పట్టుకుని ముందుకూ వెనక్కూ దొర్లిస్తే ఎండిన వేళ్లూ బెరళ్లూ నలిగి పొడి అవుతాయి. అది చూశాక ఆ దుకాణం పొడిలో ఏమున్నాయో చదువు: వేయించని ఎండుమిరప, వేయించిన ఎండుమిరప, నల్ల నువ్వులు, గసగసాలు, గంజాయి జాతి మొక్క గింజలు, మిరియంలా ఘాటైన సన్షో, ఎండబెట్టిన కమలా తొక్క. కమలా తొక్క, సన్షో మందుల కొట్లో దొరికే సరుకే. మిరప అప్పటికి జపాన్‌కు ఇంకా కొత్త. (మనకూ అది పోర్చుగీసు ఓడల్లో వచ్చిందే.) ఇంత కథ వీధిలోనే ఉంటే నువ్వు ఒక్క మనిషి తెలివికి కట్టబెట్టావు.

షిచిమికి పేరున్న మిగతా రెండు పాత దుకాణాలనూ ఇలాగే అడుగు. క్యోటోలో కియోమిజు గుడి దారిలోని షిచిమియా మొదట టీ కొట్టు. ఒతోవా జలపాతం కింద నిలబడి తపస్సు చేసేవాళ్లకూ, యాత్రికులకూ మిరపపొడి కలిపిన వేడినీళ్లు ఉచితంగా ఇచ్చేవారట. ఆ “అట”ను తీసెయ్యకు. దుకాణం తన గురించి తాను చెప్పుకునే కథను అలాగే చెప్పాలి, రుజువైన చరిత్రలా కాదు. నాగానోలో జెన్‌కోజి గుడి దగ్గర 1736లో మొదలైన యవతాయా ఇసోగొరో పొడిలో అల్లం, షిసో అనే సువాసన ఆకు ఉంటాయి. ఎడో పొడిలో ఆ రెండూ లేవు. ఎందుకు లేవో నీ వ్యాసం అడగాలి.

ఇంకొకటి. దీన్ని “జపాన్ కారప్పొడి” అనకు. సోబా, ఉడాన్ నూడుల్స్ గిన్నె ముందుకొచ్చాక పైన చల్లుకునేది ఇది, అందులో కారం కంటే వాసనకే పెద్దపీట.

యాగెన్‌బోరి దుకాణం ఇప్పుడు అసాకుసాలో ఉంది. కొనేవాడికి ఎంత కారం కావాలో అడిగి, దినుసులు ఒక్కొక్కటిగా తీసి కళ్లముందే కలిపి ఇస్తారు. రెండో ప్రతిని అక్కడ మొదలుపెట్టు. ఏ దినుసు తర్వాత ఏది పడుతుందో వరసగా రాసి, తొకుఎమోన్‌ను ఆ తర్వాత తీసుకురా.

ఆశీస్సులతో,
అక్క