ఇయన్ హోమ్ మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం మొన్న ఆదివారం అందింది. ఇంగ్లండుకు చెందిన ఒక క్యారెక్టర్ నటుడి మీద, అదీ హీరోగా పెద్దగా పేరు పడని ఇయన్ హోమ్ మీద, తెలుగులో ఇంత శ్రద్ధగా రాయడానికి నీ వయసు పిల్ల పూనుకున్నందుకు ఎంతో సంతోషించాను. రెండుసార్లు చదివాను. ఆ సంతోషం వల్లనే మొహమాటపడకుండా నా అభిప్రాయం రాస్తున్నాను.

నీ వ్యాసంలో 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అన్న మాట ఏడుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ దాని వెనకాల పాత్రల పేర్లు బారులు తీరాయి. ఆయన నెపోలియన్ వేషం మూడుసార్లు వేశారన్నది నిజమే: 1974లో ఒక టెలివిజన్ ధారావాహికలో, 1981లో 'టైమ్ బ్యాండిట్స్'లో, 2001లో 'ది ఎంపరర్స్ న్యూ క్లోత్స్'లో. యంత్రమానవుడిగా, కల్పనాలోకపు పొట్టి మనిషి హాబిట్‌గా, లాయరుగా, రాజుగా నటించారన్నదీ నిజమే. అయితే ఆయనను ఎన్నడూ చూడని పాఠకుడికి ఈ పేర్ల వల్ల కళ్ళ ముందు ఏ రూపమూ కట్టదు. కిరాణా కొట్టు చిట్టా ఎంత పొడవుగా ఉన్నా అది చదివి వంట రుచి తెలుసుకోలేం కదా.

నీ ఈడులో నేనూ ఇదే పొరపాటు చేశాను. ఒక రంగస్థల నటుడి మీద వ్యాసం రాసి, ఆయన వేసిన అరవై పాత్రల పేర్లూ సేకరించానన్న గర్వంతో ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ, 'ఈయన కుర్చీలోంచి ఎలా లేస్తాడో మీరు ఎక్కడా రాయలేదు' అని అంచున ఒకే వాక్యం రాశారు. ఆ నటుడి నాటకాలు ఇరవై దాకా చూసినవాణ్ణి. ఆయన కుర్చీలోంచి ఎలా లేస్తాడో నాకు స్పష్టంగా తెలుసు. తెలిసి కూడా అది రాయదగిన విషయమని నాకు తోచలేదు. ఆ రాత్రంతా సిగ్గుతో నిద్ర పట్టలేదు. నీకు ఆ సిగ్గు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నీ వ్యాసంలో 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాకు ఒక వాక్యం మాత్రమే దక్కింది: 'ఈ చిత్రంలో శిక్షకుడు శామ్ ముసబీనిగా నటించి ఆస్కార్ నామినేషన్ పొందారు.' నేనైతే వ్యాసాన్ని అక్కడే మొదలుపెడతాను. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల పరుగు. పరుగెత్తేది కేంబ్రిడ్జిలో చదివిన హెరాల్డ్ ఏబ్రహామ్స్. అతనికి తర్ఫీదు ఇచ్చింది ముసబీని. డబ్బు తీసుకుని శిక్షణ ఇవ్వడం పెద్దమనుషులు చేసే పని కాదని భావించిన కాలం అది. అందుచేత సినిమాలో ముసబీని స్టేడియంలోకి రాకుండా, దగ్గరలోని ఒక చిన్న హోటలు గదిలో ఒంటరిగా కూర్చుంటాడు. పందెం అతనికి కనబడదు. ఎవరు గెలిచారో చెప్పేవాళ్ళు లేరు. కొంతసేపటికి కిటికీలోంచి బ్రిటిష్ జెండా పైకి లేవడం కనిపిస్తుంది, జాతీయగీతం వినిపిస్తుంది. అప్పుడతను మంచం మీద కూర్చుని, తన గడ్డి టోపీ నడినెత్తిన పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది చిల్లు పొడుస్తాడు. 'నా కొడుకు' అని చాలా మెల్లగా, తనకు మాత్రమే వినబడేటట్టు అంటాడు. ఒక ఒలింపిక్ విజయం తాలూకు ఉద్వేగాన్నంతా, ఆ పందెం చూడనే చూడని మనిషి ముఖంలో మనం చూస్తాం.

అమ్మాయీ, ఈ దృశ్యాన్ని మళ్ళీ ఒకసారి, ధ్వని తీసేసి చూడు. ఆ టోపీని గుద్దే ముందు ఆయన భుజాలు ఎలా ఉన్నాయో, ఊపిరి ఎక్కడ ఆగిందో కాగితం మీద పెట్టు. నీ దగ్గరున్న పాతిక పాత్రల పేర్లు చేయలేని పని ఆ నాలుగు వాక్యాలు చేస్తాయి. నీ వ్యాసంలో లేని మరొక వివరం కూడా చెబుతాను. అదే సినిమాలో, డబ్బు పుచ్చుకునే శిక్షకుణ్ణి పెట్టుకున్నందుకు ఏబ్రహామ్స్‌ను మందలించే కేంబ్రిడ్జి పెద్దగా నటించినవారు జాన్ గీల్గుడ్. ఆ ఏడాది ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్ 'ఆర్థర్' అనే మరో చిత్రానికి ఆ గీల్గుడ్‌కే వచ్చింది. హోమ్‌కు కాన్ చలనచిత్రోత్సవంలోనూ, బ్రిటిష్ అకాడమీలోనూ అదే పాత్రకు బహుమతులు వచ్చాయి. పురస్కారాల సంగతి ఇంతవరకు చాలు. వాటికి ఒక పేజీ అక్కరలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నువ్వు ఆయన పాత్రల మధ్య తేడాలనే వెతికావు. తేడాలు ఎవరికైనా కనిపిస్తాయి, ఎందుకంటే దుస్తులు మారతాయి, యాస మారుతుంది. ఇంత భిన్నమైన మనుషులుగా మారిన నటుడిలో మారకుండా నిలిచినదేమిటో వెతకడమే నీ వ్యాసానికి ప్రాణం పోస్తుంది. నాకు తోచినది చెబుతాను, ఒప్పుకోవాలని లేదు. హోమ్ పాత్రలన్నీ ఏదో ఒకటి లోపల దాచుకున్న మనుషులే. దాచుకున్నదేమిటో ఆయన మొదటి నిమిషం నుంచే తెలిసినట్టు నటిస్తారు, కాని మనకు మాత్రం ఒకే ఒక్క క్షణంలో, అదీ చేయి జారినట్టు, బయటపెడతారు.

'ఏలియన్' చూడు. 1979లో వచ్చిన ఆ చిత్రంలో అంతరిక్ష ఓడ మీద ఏడుగురు ఉంటారు. వారిలో శాస్త్రాధికారి యాష్‌గా హోమ్ నటించారు. ముఖానికి వింత ప్రాణి కరుచుకున్న సహచరుణ్ణి బయటినుంచి మోసుకొస్తే, నిబంధన ప్రకారం లోపలికి రానివ్వకూడదని రిప్లీ అనే అధికారిణి తలుపు తీయదు. యాష్ తీస్తాడు. మొదటిసారి చూసేవారికి అది జాలిగా కనిపిస్తుంది. అతను యంత్రమని, ఆ ప్రాణిని ఎలాగైనా తీసుకురమ్మని, మనుషుల ప్రాణాలు లెక్క చేయనక్కరలేదని కంపెనీ అతనికి ఆజ్ఞ ఇచ్చిందని తరువాత తెలుస్తుంది. రెండోసారి చూస్తే అదే ముఖం, అదే చేయి, అదే తలుపు. అందులో జాలి మచ్చుకైనా లేదు. రెండు అర్థాలకూ సరిపోయేలా ఒకే చూపును నిలబెట్టడం ఎంత కష్టమో ఆలోచించు. అంతకు చాలా ముందే, 1965లో హెరాల్డ్ పింటర్ నాటకం 'ది హోమ్‌కమింగ్'లో లెన్నీగా, ఒక మంచినీళ్ళ గ్లాసు చుట్టూ నడిచే సంభాషణలో ఆయన ఈ విద్యనే చూపించారు. ఆ పాత్రకు 1967లో న్యూయార్కులో, అమెరికా నాటకరంగం ఇచ్చే టోనీ పురస్కారం వచ్చింది.

బాల్యం గురించి నువ్వు రాసిన భాగం దగ్గర కాస్త ఆగాలి. ఆయన 1931 సెప్టెంబరు 12న ఎసెక్స్‌లోని గుడ్‌మేజ్‌లో పుట్టారు. తండ్రి మానసిక వైద్యుడు, అక్కడి మానసిక చికిత్సాలయానికి సూపరింటెండెంటు, తల్లి నర్సు. ఇంటిపేరు కథ్‌బర్ట్. రంగస్థలం మీద వాడుకున్న 'హోమ్' తల్లి పుట్టింటి పేరు. ఇంతవరకు బాగుంది. ఆ వెంటనే నువ్వు 'పిచ్చివారి మధ్య పెరగడం వల్లనే ఆయనకు మానవ స్వభావం ఇంత లోతుగా అర్థమైంది' అని తేల్చేశావు. అది నీకు ఎలా తెలుసు? ఊహను కారణంగా మార్చి రాయవద్దు. ఆ చికిత్సాలయాన్ని అక్కడ నిలబెట్టి వదిలెయ్యి. పాఠకుడు తనకు తోచినంత దూరం తాను వెళతాడు. దానికి బదులు నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన పంటి వైద్యుడి సంగతికి చోటివ్వు. పన్ను చూపించుకోవడానికి వెళ్ళినచోట కుదిరిన పరిచయం వల్ల హెన్రీ బేంటన్ అనే షేక్స్‌పియర్ నటుడు ఆ కుర్రవాడికి దొరికాడు. ఆయన తర్ఫీదుతోనే రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో 1950లో సీటు వచ్చింది. జీవితం ఇలాంటి చిన్న మలుపుల దగ్గర దారి మారుతుంది, అవి కల్పించినా నమ్మరు. 1954లో షేక్స్‌పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో 'ఒథెల్లో'లో ఈటె పట్టుకుని నిలబడే భటుడిగా ఆయన మొదలుపెట్టారని నువ్వు రాయనేలేదు. అది తప్పక రాయి.

సభాకంపం గురించి రాసిన పేరా నన్ను బాధపెట్టింది. 1976లో 'ది ఐస్‌మ్యాన్ కమెత్' నాటకం ఇంకా ముందస్తు ప్రదర్శనల్లో ఉండగానే, ఆయన వేదిక మీద ఉండలేక వెళ్ళిపోయారు. దాన్ని నువ్వు సినిమా విరామ సన్నివేశంలా, ఉరుములూ మెరుపులూ పెట్టి రాశావు. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్ళు, రెండు దశాబ్దాల అనుభవం, రాయల్ షేక్స్‌పియర్ కంపెనీలో అయిదవ హెన్రీగా, మూడవ రిచర్డ్‌గా నటించిన ఖ్యాతి. అటువంటి మనిషి తన వృత్తికి ఆధారమైన చోటుకు తానే భయపడటం అన్నది ఎంత నిశ్శబ్దమైన ఆపదో ఆలోచించు. ఆ తరువాత చాలా ఏళ్ళు ఆయన నాటకాలకు దాదాపు దూరంగానే గడిపారు. 1993లో లండన్‌లోని ఆల్మైడా థియేటరులో పింటర్ రాసిన 'మూన్‌లైట్'తో తిరిగి వచ్చారు. ఆ మధ్యకాలంలోనే 'ఏలియన్', 'చారియట్స్ ఆఫ్ ఫైర్', 'బ్రెజిల్' వచ్చాయి. భయం వల్ల మంచే జరిగిందని మాత్రం రాయకు. వేదికకు దూరమైన మనిషి కెమెరా ముందు ఏం చేశారో చూపించు, అంతే. ఈ పేరాలో విశేషణాలన్నీ కొట్టేసి, తారీఖులను, నాటకాల పేర్లను మాత్రం ఉంచి ఒకసారి చదువు. నా మాట అప్పుడు నీకు అర్థమవుతుంది.

1997వ సంవత్సరానికి నువ్వు మూడు పంక్తులిచ్చావు. నాకు ఆ ఏడాది మీదే ఒక పుస్తకం చదవాలని ఉంటుంది. నేషనల్ థియేటర్‌లోని మూడు రంగశాలల్లో అన్నిటికంటే చిన్నదైన కాటెస్లోలో, రిచర్డ్ ఐర్ దర్శకత్వంలో ఆయన షేక్స్‌పియర్ 'కింగ్ లియర్'లో లియర్ రాజుగా నటించారు. తుఫాను రంగంలో ఒంటి మీద నూలుపోగు లేకుండా ప్రేక్షకులకు అంత దగ్గరగా నిలబడ్డారు. వేదిక మీదనుంచి పారిపోయిన నటుడు ఇరవయ్యేళ్ళ తరువాత దాచుకోవడానికి బట్ట కూడా లేకుండా వచ్చి నిలుచున్నాడన్న మాట. ఆ నటనకు మరుసటి ఏడాది లండన్ నాటకరంగం ఇచ్చే ఆలివియర్ పురస్కారం వచ్చింది. ఆ 1998లోనే 'సర్' బిరుదు కూడా. ఇక్కడ ఒక పాత తీగ ఉంది, దాన్ని పట్టుకో. 1959లో స్ట్రాట్‌ఫర్డ్‌లో చార్లెస్ లాటన్ లియర్‌గా వేసినప్పుడు, ఆ రాజు వెంట తుఫానులో నడిచిన విదూషకుడు ఇయన్ హోమే. అప్పుడు ఇరవై ఏడేళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళ క్రితం ఎవరి వెనకాల నడిచారో ఇప్పుడు ఆ పాత్రలోకే వచ్చారు.

అదే 1997లో ఆటమ్ ఎగోయన్ తీసిన కెనడా చిత్రం 'ది స్వీట్ హియరాఫ్టర్' విడుదలైంది. బడి బస్సు ప్రమాదంలో పిల్లల్ని పోగొట్టుకున్న ఊరికి దావా వేయించడానికి వచ్చిన లాయరు మిచెల్ స్టీఫెన్స్ పాత్ర ఆయనది. అతని సొంత కూతురు మాదకద్రవ్యాలకు బానిస. విమానంలో పక్కసీటు అమ్మాయికి అతను ఒక పాత సంగతి చెబుతాడు. పసికందుగా ఉన్నప్పుడు కూతుర్ని సాలెపురుగు కుట్టి గొంతు వాచిపోతే, ఆసుపత్రికి కారులో వెళుతున్నంతసేపూ ఒళ్ళో బిడ్డకు పాట పాడుతూ, రెండో చేతిలో చాకు పట్టుకుని ఉన్నాడు. ఊపిరి ఆగితే గొంతు కోసి దారి చేయాలని డాక్టరు చెప్పాడు. కోయవలసిన అవసరం రాలేదు. హోమ్ గొంతు ఎక్కడా హెచ్చదు. కెమెరా కదలకుండా చూస్తుంటే, బిడ్డ మీద ప్రేమా, చాకు దించడానికి సిద్ధపడ్డ చేయీ రెండూ ఆయన కళ్ళలో ఒకేసారి కనిపిస్తాయి. లియర్, స్టీఫెన్స్ ఇద్దరూ కూతుళ్ళను పోగొట్టుకున్న తండ్రులేనని నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నీ వ్యాసానికి నడుము అక్కడ ఉంది.

మన సినిమా మాటల్లో 'క్యారెక్టర్ ఆర్టిస్టు' అంటే తండ్రో, మామో, మునసబో అన్న అర్థం స్థిరపడిపోయింది. మనవాళ్ళలోనే ఎస్.వి. రంగారావు గారు 1957లో 'మాయాబజార్'లో ఘటోత్కచుడిగా ఆ అర్థాన్ని ఎంత విశాలం చేశారో నీకు తెలుసు. కాబట్టి ఆ మాట వాడినప్పుడు పాఠకుడు దాన్ని చిన్న అర్థంలో తీసుకోకుండా మొదటి పేజీలోనే హోమ్ మనిషిని చూపించు: ఐదున్నర అడుగులు మించని ఎత్తు, గుంపులో కలిసిపోయే రూపం. ముసబీనికి అతని కథలో అతనే నాయకుడు, యాష్‌కూ అంతే. ఆయన నటించింది ఆ నమ్మకంతోనే.

నాలుగు పెళ్ళిళ్ళ మీద రాసిన పేజీ తీసెయ్యి. ఆయన నటన మీద ఆ పేజీ ఒక్క వెలుగూ వేయడం లేదు.

చివరి భాగం బాగా రాశావు. బీబీసీ రేడియోలో 1981లో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో కుర్ర హాబిట్ ఫ్రోడోగా వినిపించిన గొంతు ఇరవయ్యేళ్ళ తరువాత అదే కథలో తెర మీద ముసలి హాబిట్ బిల్బోగా కనిపించిందన్న పోలిక నాకు చాలా నచ్చింది. మాయా ఉంగరం చూసి ఒక్క క్షణం వికృతంగా మారిన ముఖం సాంకేతిక మాయే కావచ్చు. ఆ వెంటనే సిగ్గుతో, దుఃఖంతో ముడుచుకుపోయిన ముసలి మనిషి మాత్రం పూర్తిగా హోమే. 'ది హాబిట్' చిత్రాలకు న్యూజీలాండ్ ప్రయాణం చేయలేకపోతే ఆయన భాగాన్ని లండన్‌లోనే చిత్రీకరించారన్న వివరం చేర్చు. 2020 జూన్ 19న లండన్‌లో, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో, పార్కిన్సన్స్ వ్యాధి వల్ల ఆయన మరణించారని రాసి ఆపావు. ఆ ఒక్క వాక్యంలో ఏమీ మార్చవద్దు.

రెండో ప్రతి రాసేటప్పుడు ముందు ఆ టోపీ దృశ్యం ఒక్కటే రాసి పంపు. మిగతాది తరువాత చూద్దాం. కాగితానికి ఒకవైపే రాసి, కుడిపక్కన వెడల్పుగా అంచు వదిలిపెట్టు. చూపు మందగించింది కనుక పెన్సిలుతో పెద్ద అక్షరాలు రాయవలసి వస్తోంది.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న వంటివాడు