యాప్‌లో నీలం రంగు కనబడితే వేటకు వెళ్లొచ్చా?

మీరు అడిగింది: అమెరికాలోని కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు, ఏ భూమి ఎవరిదో చూపే ఆన్‌ఎక్స్ మ్యాప్ యాప్‌లో నీలం రంగు ముక్క ఒకటి దొరికింది, అది ప్రభుత్వ భూమే కదా, నేరుగా వెళ్లిపోవచ్చా అని.

ఆగండి బ్రదర్. పసుపు అంటే బీఎల్ఎం, అంటే కేంద్ర ప్రభుత్వ భూముల సంస్థది. ఆకుపచ్చ అంటే ఫారెస్ట్ సర్వీస్, కేంద్ర అటవీ సంస్థది. ఈ రెండూ చాలావరకు తెరిచే ఉంటాయి. నీలం మాత్రం స్టేట్ ట్రస్ట్ భూమి, అంటే ఆదాయం కోసం రాష్ట్రం తన చేతిలో ఉంచుకున్న భూమి. కొలరాడోలో అది మామూలుగా జనానికి మూసే ఉంటుంది, వైల్డ్‌లైఫ్ శాఖ లీజుకు తీసుకున్న ముక్కల్లోకే ప్రవేశం. పక్కనున్న వయోమింగ్‌లో రూల్ వేరు, అందుకే చాలామంది బోల్తా పడతారు. కొలరాడో వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్‌లో హంటింగ్ అట్లాస్ అనే వేట మ్యాప్ ఉంది. మీ ముక్క అందులో ఉందో లేదో ముందు చూడండి.

తర్వాత దారి. చుట్టూ ప్రైవేటు పొలాలుంటే, భూమి ప్రభుత్వానిదైనా కాలు పెట్టడానికి రోడ్డు ఉండదు. యాప్‌లో ఆ పొలం మీద నొక్కితే యజమాని పేరు వస్తుంది, వెళ్లి అడగండి. బోర్డు లేకపోయినా అనుమతి తప్పనిసరి. రెండు ప్రభుత్వ ముక్కలు మూలకు మూల తగిలే చోట, ప్రైవేటు నేల మీద కాలు పెట్టకుండా ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి దాటడంపై 2025లో టెన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు వేటగాళ్ల వైపే తీర్పిచ్చింది. అది వయోమింగ్ కేసు. కొత్తవాళ్లు ఆ సాహసం చేయకపోతేనే మంచిది.

ఇంకోటి, మ్యాప్ ఇంట్లోనే ఆఫ్‌లైన్‌కి సేవ్ చేసుకోండి. మొదటిసారి నేను మర్చిపోయా. కొండెక్కాక సిగ్నల్ పోయింది, బూడిదరంగు తెర మీద నేనున్న చోటు చూపే నీలం చుక్క ఒక్కటే మిగిలింది. ఫోన్ జీపీఎస్ కూడా కొన్ని మీటర్లు తప్పుతుంది, కంచె పక్కన మ్యాప్‌లోని హద్దు గీతను నమ్ముకుని నిలబడకండి.