మేస్త్రీని తర్వాత పిలువు

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య ఆశీస్సులు. మీ నాన్న వచ్చే వారం వాకర్‌తో ఇంటికొస్తున్నాడని, ఈలోగా ఇల్లంతా మార్పించేస్తున్నానని ఫోన్‌లో చెప్పావు. తుంటి ఎముక ఆపరేషన్ అయింది, మళ్ళీ పడతాడేమోనని నీ టెన్షన్ నీది. అయినా మేస్త్రీని రెండు రోజులు ఆగమను. ఈ ఉత్తరం చదివాక పిలుద్దువుగాని.

ముందు ఈ రాత్రి ఒక పని చెయ్యి. మీ నాన్న మంచం మీద పడుకుని, లైటు ఆర్పేసి, కాసేపయ్యాక లేచి బాత్‌రూమ్‌కి వెళ్ళు. ఉత్త చేతులతో కాదు, వాకర్‌లాగా ఒక కుర్చీని ముందుకు జరుపుకుంటూ వెళ్ళు. స్విచ్ కోసం ఎక్కడ తడుముకున్నావు, కుర్చీ కాలు ఎక్కడ తట్టుకుంది, ఏ మలుపులో తిరగలేకపోయావు, అన్నీ రాసుకో. మేస్త్రీకి ఇవ్వాల్సింది ఆ కాగితమే.

మీ మామయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు నేను ఇదేదీ చెయ్యలేదు. ఆయనకు ఎడమ చెయ్యి పడిపోయింది. కమోడ్‌కు ఎడమ పక్కన గోడ ఉంది కదా అని పట్టుకునే రాడ్డు అక్కడే బిగించాం. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఆయన దాన్ని చూసి, "ఇది ఎవరికి?" అన్నారు. ఆ రాడ్డు మీద తువ్వాళ్ళు ఆరేసుకున్నాం. కుడి పక్కన గోడ లేక, నేలకు బిగించే రకం తెప్పించాల్సి వచ్చింది. అందుకే మీ నాన్నను కమోడ్ ఎత్తున్న కుర్చీలో కూర్చోబెట్టి లేవమను. చెయ్యి దానంతటదే ఎక్కడికి పోతుందో చూసి గోడ మీద గుర్తు పెట్టుకో. మామూలుగా నేల నుంచి 85 - 90 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది, కానీ ఆ పుస్తకం లెక్క కంటే మీ నాన్న చెయ్యే ముఖ్యం. తువ్వాలు వేసుకునే రాడ్డును మాత్రం నమ్ముకోవద్దు. పడబోయే మనిషి బరువంతా దాని మీద వేస్తే గోడలోంచి ఊడి చేతికొస్తుంది. టైల్ వెనక గట్టి గోడ ఉందో లేదో చూసి, లోపలిదాకా దిగే బోల్టులతో వేయించు. బిగించాక నువ్వే దాన్ని పట్టుకుని వేలాడి చూడు.

బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటుందా? అయితే అన్నిటికంటే ముందు దాన్ని బయటికి తెరుచుకునేలా మార్పించు. మీ మామయ్య ఒకసారి లోపల పడి తలుపుకు అడ్డంగా ఉండిపోయారు. ఆయన స్పృహలోనే ఉన్నారు, మాట్లాడుతున్నారు, కానీ తలుపు నెట్టితే ఆయనకే తగులుతోంది. ఆ పావుగంట ఎలా గడిచిందో రాయలేను. గడియ కూడా బయటి నుంచి తియ్యగలిగేదే పెట్టించు.

కూర్చునే ఎత్తు గురించి ఫిజియోథెరపిస్టును తప్పకుండా అడుగు. తుంటి ఆపరేషన్ రకాన్ని బట్టి ఎంత వంగొచ్చో వాళ్ళే చెప్పాలి. మొత్తం మీద మోకాళ్ళ కంటే తుంటి కొంచెం పైన ఉంటే లేవడం సులువు. మంచం మరీ పల్లంగా ఉంటే కాళ్ళ కింద గట్టి దిమ్మలు పెట్టించు. కమోడ్ మీదికి ఎత్తు సీటు దొరుకుతుంది, పగలగొట్టే పని లేదు. మెత్తటి సోఫాలో కూర్చోనివ్వకు. చేతులున్న గట్టి కుర్చీ చాలు.

వెలుతురు సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే 60 దాటిన కంటికి దాదాపు మూడు రెట్ల వెలుతురు కావాలి. కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. అలాగని కళ్ళలో కొట్టే బల్బులు పెట్టకు, నున్నటి నేల మీద ఆ వెలుగు పడి నీళ్ళున్నట్టు కనిపిస్తుంది. మంచం దిగగానే దానంతటదే వెలిగే చిన్న లైట్లు దారి పొడుగునా, కింది వైపు పెట్టు. తెల్ల గోడ మీద తెల్ల రాడ్డు వేయిస్తాడు మేస్త్రీ, వాళ్ళకు మ్యాచింగ్ పిచ్చి. ముదురు రంగుది అడుగు. మెట్టు అంచుకూ రంగు టేపు అంటించు. కాలికింద జారే పట్టాలు, నేల మీద వైర్లు తీసెయ్యి, దీనికి అడగాల్సిందేమీ లేదు.

వాకిట్లో మెట్టు మీద చెక్క పలక వేస్తానన్నావు, వద్దు. మెట్టు ఎత్తుకు కనీసం పన్నెండింతల పొడవు లేకపోతే అది ర్యాంప్ కాదు, జారుడుబల్ల. 15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్ల పొడవు కావాలి. అంత చోటు లేకపోతే మెట్టును అలాగే ఉంచి పక్కన గట్టి రెయిలింగ్ వేయించు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఫిజియోథెరపిస్టు నేర్పే ఉంటారు, మీ నాన్న మర్చిపోయే ఉంటాడు.

ఇక చివరిగా, కోప్పడకుండా విను. నీళ్ళు, మందులు, పేపరు, రిమోట్ అన్నీ మంచం పక్కనే పెడతానన్నావు. నేనూ అలాగే చేశాను, ప్రేమతోనే చేశాను. మీ మామయ్యకు లేవాల్సిన అవసరమే లేకుండా పోయింది. రెండు నెలలు తిరిగేసరికి మంచి కాలు కూడా సన్నబడింది. మందులు, నీళ్ళు, పిలవడానికి ఒక బెల్ దగ్గరుంచు. పేపరు మాత్రం హాల్లోనే ఉండనివ్వు. మంచానికీ హాలుకీ మధ్య దారి ఖాళీగా ఉంటే మీ నాన్నే నడిచి వెళ్ళి చదువుకుంటాడు. వాడి కుర్చీ కిటికీ దగ్గరి నుంచి కదపకు. కదపాల్సి వస్తే వాడినే అడుగు. విరిగింది తుంటి, ఇల్లు ఇంకా వాడిదే.

కొలతలన్నీ తీసుకున్నాక ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం వద్దు, నిద్రపోతాను.

మీ అత్తయ్య